జిల్లాకో నిర్బంధ కేంద్రం: ఖర్చు ఎవరి పద్దులో?

తమిళ దినపత్రికలు చదివే మన ఇళ్లలో 'సిరప్పు ముగామ్' అనే మాట కొత్తది కాదు. తిరుచ్చి ప్రత్యేక శిబిరంలో నిరాహార దీక్ష అనో, అక్కడి నుంచి ఎవరినో శ్రీలంకకు పంపించారనో అప్పుడప్పుడు ఓ వార్త వస్తుంది. చదివి పేజీ తిప్పేస్తాం. ఆ శిబిరం సెంట్రల్ జైలు ఆవరణలో ఉంది కాబట్టి అదీ ఒక జైలే అనుకుంటాం. చట్టం ప్రకారం అది జైలు కాదు. అందులో ఉన్నవారు శిక్ష అనుభవిస్తున్న ఖైదీలు కారు. శిక్ష అయితే ఎప్పుడు ముగుస్తుందో ఒక తేదీ ఉంటుంది. వీరికి అదీ లేదు.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణముంది. బంగ్లాదేశ్, మయన్మార్ నుంచి అక్రమంగా వచ్చారని అనుమానం ఉన్నవారిని 30 రోజుల్లో విచారించి తేల్చాలని, అంతవరకు వారిని ఉంచడానికి జిల్లా స్థాయిలో కేంద్రాలు ఏర్పాటు చేసుకోవాలని 2025 మే నెలలో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. 1920 నాటి పాస్‌పోర్టు చట్టం, 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, 2000 నాటి రవాణా సంస్థల బాధ్యత చట్టం, ఈ నాలుగూ రద్దయి ఒకే చట్టమయ్యాయి. నవంబరులో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రతి జిల్లాలో తాత్కాలిక నిర్బంధ కేంద్రం పెట్టమని ఆదేశించారు. అంటే ఇంతవరకు దేశంలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న ఏర్పాటు జిల్లా కేంద్రాల దాకా వస్తోంది.

వీటికి డబ్బు ఎవరిస్తారు? కేంద్రమా, రాష్ట్రమా? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ ఈ ఏర్పాటుతో ముప్పై అయిదేళ్ల అనుభవం ఉన్న రాష్ట్రం మనది. ఆ అనుభవాన్ని కాస్త తిరగేస్తే, లోపల ఉన్న మనిషి ఎన్నాళ్లు ఉండాలన్నది కూడా చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోందని తెలుస్తుంది.

మొదట అధికారం ఎవరిదో చూద్దాం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పౌరసత్వం, విదేశీయులు, దేశంలోకి రాక, దేశం నుంచి బహిష్కరణ అన్నీ కేంద్ర జాబితాలో ఉన్నాయి. పోలీసులు, జైళ్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విదేశీయుడి సంగతి కేంద్రానిదైతే, అతన్ని పట్టుకునే చేయి, ఉంచే గది రాష్ట్రానివి. ఈ రెండింటినీ కలపడానికి 258వ అధికరణ ఉంది. రాష్ట్ర ప్రభుత్వ అంగీకారంతో రాష్ట్రపతి కేంద్రం అధికారాలను రాష్ట్రానికి అప్పగించవచ్చని అందులోని మొదటి భాగం చెబుతుంది. 1958లో విదేశీయుల చట్టం కింది అధికారాలు రాష్ట్రాలకు అలా వచ్చినవే. తిరుచ్చి శిబిరానికి ఒకరిని పంపుతూ ఇచ్చే ఉత్తర్వు మీద సంతకం మన సచివాలయంలోనే జరుగుతుంది. ఇన్నేళ్లూ ఆ ఉత్తర్వుకు ఆధారం పాత చట్టంలోని సెక్షన్ 3(2)(ఇ). విదేశీయుడు ఫలానా చోటనే నివసించాలని ఆదేశించే అధికారం అది. కొత్త చట్టంలోనూ అలాంటి అధికారం ఉంది, రాష్ట్రాలకు అప్పగించే వీలూ ఉంది.

అదే 258వ అధికరణలో మూడో భాగం ఒకటుంది. దాన్ని ఎవరూ పెద్దగా తలచుకోరు. ఇలా అప్పగించిన పని వల్ల రాష్ట్రానికి అదనపు పాలనా ఖర్చు అయితే, ఇద్దరూ ఒప్పుకున్న మొత్తాన్ని కేంద్రం రాష్ట్రానికి చెల్లించాలి. ఒప్పందం కుదరకపోతే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి నియమించిన మధ్యవర్తి ఆ మొత్తాన్ని తేలుస్తారు. అంటే పని అప్పగించినవాళ్లే ఖర్చూ భరించాలన్నది రాజ్యాంగం రాసినవారి ఉద్దేశం. ఆచరణ వేరుగా ఉంది. నిర్బంధ కేంద్రాల గురించి పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడల్లా హోం శాఖ జవాబు ఇంచుమించు ఒకటే: వాటిని రాష్ట్రాలు తమ అవసరాన్ని బట్టి ఏర్పాటు చేసుకుంటాయి. మీ అవసరం, మీ కేంద్రం. ఆ మాటలోనే ఖర్చు ఎవరిదో కూడా చెప్పకుండా చెప్పేసినట్టు మాకు అనిపిస్తుంది.

తమిళనాడులో ఈ కథ మొదలైంది వేలూరు కోటలో. 1983 జూలై అల్లర్ల తరువాత శ్రీలంక నుంచి విడతలు విడతలుగా మూడు లక్షల మందికి పైగా తమిళులు ఈ తీరానికి వచ్చారు. వారికోసం ఊరూరా శరణార్థి శిబిరాలు వెలిశాయి. మనకు దగ్గరలో పుళల్‌లో ఉంది, ఆంధ్ర సరిహద్దు దగ్గర గుమ్మిడిపూండిలో ఉంది. ఇవి తెరచి ఉన్న శిబిరాలు. లోపలివారు పనికి వెళ్లి వస్తారు, పిల్లలు బడికి వెళతారు, హాజరు మాత్రం వేయించుకోవాలి. వీరికిచ్చే భత్యం, బియ్యం వగైరా ఖర్చు మొదట రాష్ట్రం పెడుతుంది, తరువాత కేంద్రం తిరిగి ఇస్తుంది. 2021లో తమిళనాడు ప్రభుత్వం వీటి పేరును పునరావాస శిబిరాలుగా మార్చి, ఇళ్లకు, సౌకర్యాలకు 317.40 కోట్ల రూపాయలు ప్రకటించింది. పాత రేకుల గదుల స్థానంలో 7,469 ఇళ్లు కట్టాలన్నది అందులో భాగం. గుమ్మిడిపూండి వైపు బంధువులున్న వారికి ఈ శిబిరం సంగతి మేము చెప్పనక్కర్లేదు.

ప్రత్యేక శిబిరం దీనికి పూర్తిగా వేరు. 1990 ప్రాంతంలో, మిలిటెంట్లని అనుమానించినవారిని మిగతా శరణార్థుల నుంచి విడదీయడానికి వేలూరు కోటలోని టిప్పు మహల్‌లో పెట్టారు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య తరువాత ఇలాంటివి పెరిగాయి. 1995లో నలభై మందికి పైగా సొరంగం తవ్వుకుని వేలూరు కోట నుంచి తప్పించుకోవడం అప్పట్లో పెద్ద సంచలనం. చెంగల్పట్టులో, పూందమల్లిలో నడిచిన శిబిరాలు తరువాత మూతపడ్డాయి. చివరికి తిరుచ్చి మిగిలింది. 'తాత్కాలికం' అంటూ మొదలైన ఏర్పాటు చోట్లు మారుతూ ఒక తరం దాటింది.

1990లలోనే ఇది మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. ప్రత్యేక శిబిరంలో ఉంచడం నిర్బంధం కాదు, కదలికల మీద ఆంక్ష మాత్రమే అన్న ప్రభుత్వ వాదన అక్కడ నిలిచింది. ఈ తేడా వకీళ్లకు సంబంధించిన సూక్ష్మంలా కనిపించినా, ఖర్చు లెక్కకు అదే మూలం. జైలైతే జైళ్ల శాఖ చూస్తుంది, దాని లెక్కలు ఏటా నేర గణాంకాల బ్యూరో ప్రచురించే పుస్తకంలోకి ఎక్కుతాయి. ఎంతమంది, ఎన్నేళ్లుగా, ఒక్కొక్కరి మీద ఖర్చెంత అన్నీ కనబడతాయి. జైలు కాదు కాబట్టి ప్రత్యేక శిబిరం ఆ పుస్తకంలో లేదు. శిబిరాన్ని నడిపేది జైలరు కాదు, రెవెన్యూ శాఖకు చెందిన డిప్యూటీ కలెక్టరు. కాపలా పోలీసులది, నిఘా క్యూ బ్రాంచిది. లోపలివారు రోజువారీ భత్యంతో తమ వంట తామే చేసుకుంటారు. ఒక్క శిబిరం కోసం ఇన్ని శాఖలు. పద్దు మాత్రం ఒకచోట ఉండదు.

లోపలికి ఎలా వెళతారన్నది తెలిస్తే ఇది ఎందుకు సాగుతుందో అర్థమవుతుంది. ఒక విదేశీయుడిని దొంగ పాస్‌పోర్టు కేసులోనో, అనుమతి లేకుండా పడవెక్కి ఆస్ట్రేలియా పోవడానికి ప్రయత్నించిన కేసులోనో పట్టుకున్నారనుకుందాం. కొన్ని నెలలకు కోర్టు బెయిలు ఇస్తుంది. మనలో ఎవరికైనా బెయిలొస్తే ఇంటికి వస్తాం. అతనికి వీసా లేదు, బయట ఉండే హక్కు లేదు. జైలు గేటు దగ్గరే ప్రత్యేక శిబిరం ఉత్తర్వు అందుతుంది. పోనీ దేశానికి పంపేస్తారా అంటే, కేసు తేలకుండా పంపకూడదు. కేసు ఎప్పుడు తేలుతుందో మన కోర్టుల సంగతి తెలిసిందే. నేరం ఒప్పుకుని శిక్ష వేయించుకున్నవాడు, అది పూర్తి చేసుకుని ముందుగా ఇంటికి చేరవచ్చు. నేను నిర్దోషినని వాదించేవాడు శిబిరంలోనే ఉంటాడు. దీక్షలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. 2021లో కొందరు నిద్రమాత్రలు మింగే దాకా వెళ్లింది.

శిక్ష ముగిసినవారి సంగతి ఇంకో రకం. రాజీవ్ హత్య కేసులో మిగిలిన ఆరుగురిని 2022 నవంబరు 11న సుప్రీంకోర్టు విడుదల చేసింది. వారిలో నలుగురు శ్రీలంక పౌరులు. విడుదలైన మరునాడే ఆ నలుగురూ తిరుచ్చి శిబిరానికి చేరారు. వారి నేరం గురించి ఎవరి అభిప్రాయం వారిది. అది ఇక్కడ చర్చ కాదు. కోర్టు వదిలేశాక వారిని ఉంచింది శిక్ష కోసం కాదు, ప్రయాణ పత్రం కోసం. ఆ పత్రం ఇవ్వాల్సింది తమిళనాడు కాదు. వారు ఏ దేశం వారో నిర్ధారించడం, ఆ దేశపు రాయబార కార్యాలయం నుంచి కాగితం తెప్పించడం విదేశాంగ శాఖ దారిలో జరగాలి. నలుగురిలో శాంతన్ పత్రాలు 2024 ఫిబ్రవరిలో సిద్ధమయ్యాయి. అప్పటికే జబ్బుపడ్డ ఆయన అదే నెల 28న చెన్నై రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోయారు. మిగిలిన ముగ్గురు 2024 ఏప్రిల్ 3న చెన్నై విమానాశ్రయం నుంచి కొలంబో వెళ్లారు. విడుదల తీర్పు నుంచి లెక్కిస్తే దాదాపు 17 నెలలు. ఆ 17 నెలల తిండి, కాపలా, ఆసుపత్రి అన్నీ మోసింది ఇక్కడి యంత్రాంగం. రోజులు ఎన్ని అన్నది మాత్రం దాని చేతిలో లేదు.

మా దృష్టిలో అసలు చిక్కు ఇదే. కట్టడానికయ్యే ఖర్చు ఒక్కసారితో పోతుంది. అస్సాంలోని గోల్‌పారా జిల్లా మాటియాలో మూడు వేల మందికి కట్టిన కేంద్రానికి దాదాపు 46 కోట్లు కేంద్రమే ఇచ్చింది. 2023 జనవరిలో అక్కడికి మొదటి విడత మనుషులను తరలించే దాకా అస్సాంలో ఆరు జైళ్లలోనే నిర్బంధ గదులుండేవి. కర్ణాటక మరీ సులువైన దారి పట్టింది. బెంగళూరు పక్కన నెలమంగల దగ్గర సొండెకొప్పలో సాంఘిక సంక్షేమ శాఖ వారి పాత విద్యార్థి వసతిగృహం ఉంటే, ప్రహరీ పెంచి, ముళ్లతీగ చుట్టి 2019లో దాన్నే నిర్బంధ కేంద్రంగా మార్చింది. పేద పిల్లల హాస్టలు కదా అది, అని అనుకోకుండా ఉండలేకపోయాం. ఏమైనా గోడలు దొరుకుతాయి. రోజుల ఖర్చే ఆగకుండా సాగుతుంది. ఆ రోజులను తగ్గించగలిగినవారు దాన్ని మోయడం లేదు, మోస్తున్నవారికి తగ్గించే అధికారం లేదు. ఎవరికీ తొందర లేదు, లోపలివాడికి తప్ప.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అస్సాం ప్రభుత్వాన్ని సరిగ్గా ఈ మాటే అడిగింది. విదేశీయులని తేలిన 63 మందిని ఎందుకు పంపలేదంటే, వారి చిరునామాలు తెలియవని రాష్ట్రం జవాబు చెప్పింది. ముహూర్తం కోసం చూస్తున్నారా అని ధర్మాసనం నిలదీసింది. విదేశీయుడైనా సరే, జీవించే హక్కు చెప్పే 21వ అధికరణ వర్తిస్తుందని కూడా గుర్తుచేసింది. శిక్ష ముగిసిన విదేశీయులను జైల్లో ఉంచకూడదని, వేరే తగిన చోట ఉంచాలని అదే కోర్టు 2012లోనే చెప్పింది. 2019 జనవరిలో హోం శాఖ పంపిన నమూనా మాన్యువల్ కూడా ఈ కేంద్రాలు జైలు ఆవరణ బయట ఉండాలంటుంది. తిరుచ్చి శిబిరం ఇప్పటికీ జైలు ఆవరణలోనే ఉంది. మాన్యువల్ రాసేవారు వేరు, స్థలం వెతకాల్సినవారు వేరు అయితే ఇలాగే ఉంటుంది.

ఇక కొత్త చట్టం. సరైన పత్రాలు లేకుండా దేశంలోకి వస్తే అయిదేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా అందులో ఉన్నాయి. 2015 జనవరి 9కి ముందు వచ్చి నమోదు చేసుకున్న శ్రీలంక తమిళులకు ఈ శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇది కొంత ఊరట. కానీ శిక్ష నుంచి మినహాయింపు అంటే పౌరసత్వం కాదు. పుళల్‌లో పుట్టి పెరిగి, మన పిల్లలతో పాటే ప్లస్ టూ చదివిన కుర్రవాడు ఇంకా విదేశీయుడే. ఇక్కడే మన పెద్దల సంగతి ఒకటి గుర్తొస్తుంది. 1964 తరువాత రంగూన్ నుంచి ఓడల్లో మద్రాసు రేవులో దిగినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారూ కట్టుబట్టలతో వచ్చినవారే. అయితే వారు భారతీయులుగా తిరిగొచ్చారు కాబట్టి ప్రభుత్వం అప్పులిచ్చింది, స్థలాలిచ్చింది, బీచ్ స్టేషన్ ఎదుట కొట్లు పెట్టుకోనిచ్చింది. బర్మా బజారు అలా వచ్చిందే. రేవులో దిగిన కష్టం ఒకటే అయినా చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి ఒకరికి అంగడి, ఒకరికి శిబిరం.

ఇదంతా మన ఇళ్లకు దూరపు సంగతి అనుకునేవారికి 2019 జనవరి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే బూటకపు విశ్వవిద్యాలయాన్ని అక్కడి అధికారులే నడిపి, అందులో చేరిన దాదాపు 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు. ఎక్కువమంది తెలుగు పిల్లలు. తెలుగు సంఘాలు వకీళ్ల కోసం పరుగులు పెట్టాయి. ఆ పిల్లలను వేర్వేరు ఊళ్లలో ఉంచారు. అక్కడి పద్ధతేమిటంటే, ఇమిగ్రేషన్ శాఖ స్థానిక కౌంటీ జైళ్లతో ఒప్పందం చేసుకుని, ఉంచిన ఒక్కో మనిషికి రోజుకింత అని చెల్లిస్తుంది. పడక ఖాళీగా ఉంటే కౌంటీకి నష్టం. డబ్బు మన దగ్గర ఎటు నుంచీ సరిగా రాక రోజులు పెరుగుతుంటే, అక్కడ రోజూ వస్తుండడం వల్లే పడకలు నిండే ప్రమాదం ఉంది. 2025 జూలైలో ఫ్లోరిడా రాష్ట్రం మరో అడుగు వేసింది. చిత్తడి నేలల్లోని పాత ఎయిర్‌స్ట్రిప్ మీద కొద్ది రోజుల్లోనే గుడారాల నిర్బంధ కేంద్రం కట్టి, ముందు రాష్ట్రం డబ్బు ఖర్చుపెట్టింది. ఏడాదికి 45 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేసి, ఆ తరువాత కేంద్ర ప్రభుత్వపు విపత్తు సహాయ సంస్థ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా మంజూరు చేయించుకుంది. అక్కడ కనీసం ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో కాగితం మీద ఉంది. దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లినవారూ ఉన్నారు.

మన రాష్ట్రంలో జిల్లా కేంద్రాలు వస్తాయో లేదో, వస్తే ఏ పాత హాస్టలుకు రంగు వేస్తారో చూడాలి. వచ్చినప్పుడు శాసనసభలో పద్దుల చర్చలో మన సభ్యులు అడగవలసినవి మూడు నాలుగు మాటలే: ఎంతమంది, ఒక్కొక్కరు ఎన్ని రోజులుగా, ఎవరి కాగితం కోసం ఆగారు, 258వ అధికరణ మూడో భాగం కింద కేంద్రాన్ని ఎంత అడిగారు. ఈ లెక్క ఏటా సభ ముందు పెడితే ఉత్తర్వు మీద సంతకం చేసే అధికారి కూడా ఒక నిమిషం ఆలోచిస్తారని మా నమ్మకం.

చివరగా, పోర్షన్లు అద్దెకిచ్చే మన ఇళ్లవారికి ఒక మాట. వలసరవాక్కం, పోరూరు వైపు శ్రీలంక కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా అద్దెకుంటున్నాయి. విదేశీయులెవరికైనా ఇంట్లో చోటిస్తే, వారు వచ్చిన 24 గంటల్లో ఆ వివరాలు విదేశీయుల నమోదు కార్యాలయానికి తెలపడం ఇంటి యజమాని బాధ్యత. ఫారం సి అని ఎంతోకాలంగా పిలిచేది దీన్నే. చెన్నై కార్యాలయం నుంగంబాక్కం హ్యాడోస్ రోడ్డులో ఉంది, వివరాలు ఆన్‌లైన్‌లోనూ పంపవచ్చు. హోటళ్లకే ఈ నియమం అనుకుని చాలామంది వదిలేస్తుంటారు. ఇళ్లకూ వర్తిస్తుంది. శ్రీలంక వారని అద్దెకివ్వడం మానేయమని ఈ మాట చెప్పడం లేదు. ఆ కాగితం సక్రమంగా ఉంటే ఇంటాయనకే కాదు, అద్దెకున్నవారికీ ఏదైనా విచారణ వచ్చిన రోజున చూపించుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.